దిగుడులో ఇంజను ఆపేస్తాడు

"ఎలాగుందే అమ్మకి?" అని అన్న ముందు నుంచి అరిచాడు. "తొంగుంది," అని నేను వెనక నుంచి అరిచాను. పడుకుంది అనే మాటను ఎవరూ అరిచి చెప్పరు, పడుకున్న మనిషి పక్కన గొంతు తగ్గిస్తారు. కానీ ఈ బండి మీద అరవకపోతే మాటను గాలి ఎత్తుకుపోతుంది, పైగా గాలికొండ ఎక్కుడులో ఇంజను రెండో గేరులో గోల పెడుతోంది. ఆ గోల నాకు ఇప్పుడు కావాలి, ఎంత పెద్దగా ఉంటే అంత మంచిది. అమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుని ఉంది. ఆమె వీపు నా గుండెలకు ఆని ఉంది, దుప్పటితో ఇద్దరినీ కలిపి చుట్టి ముడి వేశాను, తల నా ఎడమ భుజం మీద వాలి ఉంది, రెండు చేతులూ అన్న నడుం చుట్టూ ఉన్నాయి. ఆ చేతుల మీద నా చేతులు ఉన్నాయి. ఎదురొచ్చే వాళ్ళకు తల్లి కొడుకును పట్టుకుని కూర్చున్నట్టే కనిపిస్తుంది. అన్నకూ అలాగే అనిపిస్తూ ఉంటుంది. ఆ వేళ్ళను అక్కడ అదిమి పెట్టింది నేనని అతనికి తెలియదు. కింద, బండి ఆగిపోయిన మలుపులో, అతను మాకు వీపు పెట్టి ఇంజనుతో తిప్పలు పడుతున్నప్పుడు అమ్మ నా ఒడిలో పోయిందని తెలియదు. నేను చెప్పలేదు. ఇంకా వెచ్చగానే ఉంది అమ్మ, జ్వరం ఒళ్ళు కదా, పొయ్యి ఆర్పినా రాళ్ళు వెంటనే చల్లారవు. నా మెడ దగ్గర ఆమె జుట్టు గాలికి కదులుతోంది, వలిసె నూనె వాసన, నిన్న నేనే దువ్వి జడ వేశాను, తలకాయ నొప్పి, గట్టిగా లాగకే గుంటా అంది.

ఈ ఎక్కుడు అయిపోకూడదు. పైకి చేరామంటే అన్న ఇంజను ఆపేస్తాడు. మా వైపు బండ్లన్నీ అంతే, ఎక్కినంతసేపు ఇంజను, దిగినంతసేపు కొండ. సీసాల్లో అమ్మే పెట్రోలు కొని పోసుకునేవాళ్ళం, దిగుడులో ఇంజను నడిపేవాణ్ణి చూసి ఊళ్ళో నవ్వుతారు, వీడికి నూతిలో ఊరుతోందేటి పెట్రోలు అంటారు. గాలికొండ మీద తాళం తిప్పి న్యూట్రల్ చేశామంటే మధ్యలో ఒకటి రెండు చోట్ల తప్ప అనంతగిరి దాకా, ఇంకా కింద కాశీపట్నం దాకా బండి దానంతటదే పోతుంది, చక్రాల చప్పుడు, గాలి చప్పుడు, అంతే. కాఫీ తోటల్లో పనిచేసే ఆడవాళ్ళ మాటలు కూడా వినిపిస్తాయి. నాకు ఆ దిగుడు ఎంత ఇష్టమో. మా బండికి హారను లేదు, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, అందుకని మలుపు మలుపుకీ వెనక కూర్చున్న మనిషి అరవాలి. "ఓ...య్" అని. బడిలో అయ్యవారు పేరు అడిగితే చెప్పడానికే నోరు రాని పిల్లని నేను, సోనీ, నీకు నాలుక ఉందా లేదా అని పక్కన కూర్చునే చిట్టి ఏడిపించేది, ఆ చిట్టి ఒకసారి దారిలో మమ్మల్ని చూసి, ఓలమ్మ, మూగది మేక లాగ అరుస్తందర్రా అని కాఫీ గంప దించి మరీ నవ్వింది. నా బతుకులో నేను గట్టిగా అరిచిందంతా ఈ దారి మలుపుల్లోనే. ఇప్పుడు ఇంజను ఆగితే మా మధ్య చప్పుడు ఉండదు. పొద్దున బయలుదేరినప్పటి నుంచి అమ్మ మూలుగుతూనే ఉంది, సుంకరిమెట్ట దగ్గర చిన్న దిగుడులో ఇంజను ఆపినప్పుడు అన్న తల పక్కకి వంచి ఆ మూలుగు విన్నాడు, విని, ఉంది, ఉంది అన్నట్టు వేగం పెంచాడు. ఇంజను ఆగాక మళ్ళీ తల వంచుతాడు. అప్పుడు ఏమీ వినిపించదు.

ఈ బండిని మొదటిసారి కొండ కింది ఊరు కోటలో చూశాను, వరహాలరావుగారి పశువుల శాలలో. ఆయన కరెంటాఫీసులో పనిచేసి దిగిపోయిన మనిషి. అన్న నన్ను ఎందుకు తీసుకెళ్ళాడంటే పదో తరగతి దాకా చదివిన దానివి, కాగితాలు చూసి చెప్పు అన్నాడు. పాత రాజ్‌దూత్. నాలుగేళ్ళుగా గేదెల మధ్య నిలబడి ఉంది, ట్యాంకు మీద కోళ్ళ రెట్ట, సీటు చిరిగి పీచు బయటికొచ్చి ఆ పీచులో ఒక కోడి గుడ్లు పెట్టుకుంది. అన్న దాని చుట్టూ తిరుగుతున్నాడు, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా ముట్టుకోవాలని ఉండి ముట్టుకోకుండా. వరహాలరావుగారు ట్యాంకు నిమిరి, "దీన్నలా సూడకు బాబూ, మా రత్నాలుకి నొప్పులొచ్చినపుడు దీని మీదే ఆస్పత్రికి అట్టికెళ్ళాను," అన్నారు. లోపల నుంచి రత్నాలుగారి గొంతు, "ఆయ్, అబద్ధం! ఆ దినం ఈ ముండ బండి సంత కాడ ఆగిపోతే రిక్షా ఎక్కి పోనాను, ఈయన బండి తోసుకుంటా వచ్చీసరికి పిల్ల పుట్టీసింది." అన్న నవ్వాడు, ఆయనా నవ్వాడు, కోడి లేచి పోయింది. అలా కొన్నాం. ఆ నవ్వు ఇప్పుడెందుకు గుర్తుకొస్తోంది. ఆగిపోయే బండి అని మాకు ఆ రోజే చెప్పారు, మేము విని నవ్వాం.

ఇంజను గొంతు మారింది. లేదు, మలుపులో అలాగే అవుతుంది. వెనక తెల్లటి పొగ మబ్బులా వస్తోంది, మంచులో కలిసిపోతోంది. సిల్వరోకు చెట్లు నిటారుగా, వాటి మీదికి మిరియాల తీగలు, కింద కాఫీ పళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి, ఒకటి రెండు ఎర్రబడ్డాయి. అమ్మ అయితే ఈపాటికి చెప్పేది, ఈ తోట ఇంత, ఆ తోట అంత అని. అమ్మకి బండి ఎక్కడం ఇదే మొదలు. ఇన్నేళ్ళలో ఒక్కసారి ఎక్కలేదు. మల్లేశు అనే మేస్త్రీ కోటలో దీన్ని విప్పి, గీకి, రింగులు మార్చి నడిచేట్టు చేసి ఇచ్చాక అన్న తోలుకుంటూ ఊళ్ళోకి తెచ్చిన రోజు అమ్మ కల్లాపి చెంబుతో బయటికి వచ్చి నిలబడింది. "ముసలెద్దుని ఎవులైనా కొంటారేటిరా?" అంది. తరవాత చెంబు కింద పెట్టి ఎద్దును చూసినట్టే చూసింది, ముందు నుంచి, వెనక నుంచి, వంగి పొట్ట కింద నుంచి. "దీనికి సుడులెక్కడున్నాయిరా, మంచి సుడా, సెడ్డ సుడా?" అంది. అన్న నవ్వు ఆపుకుంటూ లైటు చూపించాడు, ఇదిగో ఒకటే సుడి, నుదుటి మీద అని. సరే మంచిదే, అని కోడిని కోసి ఆ రక్తం చక్రానికి పూసింది. అంత చేసి ఎక్కమంటే మాత్రం ఎక్కలేదు. సంతకి పోయేటప్పుడు అల్లం గంప నెత్తిన పెట్టుకుని ఆమె నడుస్తుంటే అన్న మొదటి గేరులో పక్కనే, "అమ్మా, ఎక్కవే, అందరూ సూస్తన్నారే, నన్ను నవ్వుతన్నారే," అని బతిమాలుతూ నడిపేవాడు. "నడిసినోళ్ళకి దారి తెలస్తాది, ఎక్కినోళ్ళకి ఏటి తెలస్తాదిరా?" అనేది. చివరికి ఎప్పుడో ఒకరోజు గంప దించి బండి మీద పెట్టింది. అల్లం ఎక్కింది, అమ్మ ఎక్కలేదు. గంప ముందు, ఆమె వెనక, చేతులు ఊపుకుంటూ.

ఇప్పుడు ఎక్కింది. ఎలా ఉందమ్మా.

అన్న మంచి బండివాడు. ఊళ్ళో ఎవరికి ఏమైనా ఈ బండే. మంగ్లు భార్య నొప్పులు పడుతుంటే ఇద్దరు ముగ్గురు పట్టుకుని దీని మీద కూర్చోబెడితే తీసుకెళ్ళి క్షేమంగా దించాడు, ఆ పిల్లవాడు కనిపించినప్పుడల్లా నా బండి మీద వచ్చినోడు అంటాడు. అది చెడిపోయినా ఇక్కడ బాగుచేసేవాళ్ళు లేరు, మల్లేశు దగ్గరికే పోవాలి, అందుకని అన్న నేర్చుకున్నాడు, నేను పక్కన పాత టైరు మీద కూర్చుని చూశాను. చూడడం ఒక్కటే నాకు వచ్చింది. మల్లేశు చేతులు ఆడుతూనే నోరు ఆడేది, "ఇది బండి కాదురా ధనుంజయ్, మీ తాతకి మేనమామ. దీన్ని తోలకూడదు, దండం పెట్టి నడిపించాల." ఈ బండి పెట్రోలులో నూనె కలుపుకుని తాగుతుంది, డబ్బా మూతతో కొలిచి ట్యాంకులో పోయాలి. ఎంత పోయాలో మల్లేశు నాలుగు మాట్లు చెప్పించాడు అన్న చేత. "నూనె తక్కువైతే సస్తాది. ఎక్కువైతే మూర్సపోతాది. మూర్సపోయిందా, ప్లగ్గు నల్లగా తడిసిపోతాది, పొగ తెల్లగా వస్తాది. అప్పుడు ఎంత తన్నినా లేవదు," అన్నాడు. ప్లగ్గు విప్పి చూపించాడు, చిన్న తెల్లటి పింగాణీ, కింద ఒక కొక్కెం, రెంటికీ మధ్య గోరు పట్టేంత సందు. ఆ సందులోనే నిప్పు పుడుతుందట. పోయిన నెలలో, ఇది అరిగిపోయిందిరా, కొత్తది ఏసుకో అన్నాడు. వచ్చేసారి వేద్దాం అన్నాడు అన్న.

ఆ మాటే పొద్దున నుంచి అతన్ని తింటోంది. మూడు రోజుల చలిజ్వరం, మాత్రలు వేసినా దిగలేదు, ఈ రోజు తెల్లారేసరికి అమ్మ మనిషిని గుర్తుపట్టడం, పట్టకపోవడం మధ్యలో ఉంది. నర్సమ్మ వచ్చి కళ్ళు చూసి, కోటకి తీసుకుపోండి, రక్తం ఎక్కించాలేమో, బేగి అంది. సంత రోజు కాదు, జీపులు లేవు. కిరండోలు పాసింజరు రైలు మధ్యాహ్నం గాని రాదు. నేను దుప్పట్లు వెతుకుతుంటే, అన్న మంగ్లు ఇంటికి మిగిలిన పెట్రోలు సీసా కోసం పరిగెత్తాడు. బయలుదేరినప్పుడు బాగానే ఉంది. ఎక్కుడు మొదలయ్యాక దగ్గింది, మళ్ళీ దగ్గింది, మలుపులో ముక్కు చీదినట్టు ఒక చప్పుడు చేసి ఆగిపోయింది. అన్న తన్నాడు. తన్నాడు. చెప్పు తెగిపోతే విసిరేసి ఉత్తి కాలితో తన్నాడు. నేను అమ్మను దించి గట్టు మీద గడ్డిలో కూర్చుని ఒడిలో పడుకోబెట్టుకున్నాను. అన్న ప్లగ్గు విప్పాడు, నల్లగా, తడిగా, జిడ్డు కారుతోంది. "నాదే తప్పు," అన్నాడు, మాతో కాదు, దానితో. "మార్సమన్నాడు. మార్సలేదు. నాదే తప్పు." గుడ్డతో తుడిచాడు, అగ్గిపుల్లలు గీసి కాల్చాడు, గాలికి ఆరిపోతుంటే వంగి చొక్కా అడ్డం పెట్టుకుని మళ్ళీ గీశాడు. అతని వీపు ఒక్కటే నాకు కనబడుతోంది, చొక్కా తడిసి అంటుకుపోయి ఎముకలు కనిపిస్తున్నాయి, ఎప్పుడు ఇంత చిక్కిపోయాడు.

అప్పుడు అమ్మ కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. పైన చెట్ల మీది తీగను చూసింది. "ఏటే, దిగిపోనామా?" అంది. లేదమ్మా, బండి కాస్త ఆగింది అన్నాను. ఆమె చేయి ఎత్తి నా చెంప పట్టుకుంది, ఆ చేతికి ఒక వాసన, నాకు తెలిసిన వాసన, మల్లేశు షెడ్డు వాసన. "బండికి నూనె పోసానే," అంది. ఏదో దొంగతనంగా బెల్లం పెట్టినట్టు మెల్లగా, అన్నకి వినబడకుండా, కాస్త నవ్వుతూ. "మీరటూ ఇటూ తిరగతా ఉంటే లెగిసి పోసాను. డబ్బాలో ఉన్నదంతా పోసీసాను. దూరం పోవాల గదే గుంటడు." మా తాత దగ్గర ఎద్దుల బండి ఉన్నప్పుడు దూరం పోయేముందు ఇరుసుకు కందెన వేయడం అమ్మ పనేనట, చిన్నప్పుడు, ఎంత ఎక్కువ వేస్తే ఎద్దులకు అంత సుఖమట. ఈ బండిని ఎక్కనని మొండికేసిన మనిషి, ఎప్పుడూ దాన్ని తిట్టే మనిషి, నిలబడడానికి గోడ పట్టుకునే మనిషి, లేచి వెళ్ళి దానికి నూనె పట్టించింది. నేను ఏమన్నాను. మంచి పని చేశావమ్మా అన్నాను. ఆ మాట విన్నదో లేదో. ఊ అన్నట్టుంది. ఊపిరి ఒకటి తీసుకుంది, అది లోపలే ఉండిపోయింది. నేను తరవాతి దాని కోసం చూస్తున్నాను. ఒక బస్సు పోయింది కిందికి, అన్న చేయి ఊపాడు, నిండా జనం, ఆగలేదు. ఇంకా చూస్తున్నాను. అమ్మ కళ్ళు తీగ మీదే ఉన్నాయి. నేను అరచేత్తో మూశాను, అంత సులువుగా మూసుకున్నాయి.

అన్నా అని పిలవాలని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే బండి అందుకుంది. అన్న కేక పెట్టాడు, సంతోషంగా, చిన్నపిల్లవాడిలా, "వచ్చీసింది! వచ్చీసింది సోనీ!" సీటెక్కి యాక్సిలేటరు తిప్పుతూనే ఉన్నాడు, చేయి తీస్తే మళ్ళీ ఆగిపోతుందని, మా వైపు తిరగకుండా, "ఎక్కించే, బేగి ఎక్కించే, వదిల్తే ఆగిపోద్ది!" అని. ఆ కేక విన్నాక నేను చెప్పలేకపోయాను. ఇప్పుడే బండిని బతికించుకున్నవాడితో అమ్మ పోయింది అని ఎలా అంటాను. అంటే ఏమవుతుందో నాకు తెలుసు. బండి ఆగినందుకే పోయింది అనుకుంటాడు. ప్లగ్గు మార్చనందుకే అనుకుంటాడు. ముసలి బండి కొన్నందుకు, నవ్వుతూ కొన్నందుకు అనుకుంటాడు. అతను అలాంటి మనిషి, ఒకసారి దూడ చచ్చిపోతే కట్టుతాడు పొట్టిగా కట్టాననుకుని ఏడాదంతా ఆ రాట వైపు చూడలేదు. కాదన్నా, ప్లగ్గు కాదు, నూనె అని చెబితే? అప్పుడు కారణం అమ్మే అవుతుంది. ఆ చేయే అవుతుంది. అందుకని నేను ఒక్కదాన్నే అమ్మను ఎత్తాను. కట్టెల మోపు ఎత్తినట్టు, మోకాలి మీదికి, అక్కడి నుంచి సీటు మీదికి. అమ్మ బరువే లేదు. కాళ్ళు నా కాళ్ళతో అదిమాను, చేతులు ముందుకి వేశాను, వేళ్ళు అతని పొట్ట మీద కలిపాను, దుప్పటి ముడి వేశాను. తొంగుందా అన్నాడు. ఊ అన్నాను.

పైకి వచ్చేశాం. చెట్లు పక్కకి తప్పుకున్నాయి. మంచు కింద పడి ఉంది, లోయ నిండా, పాలు పొంగి ఆగినట్టు. అన్న కుడి చేయి తాళం మీదికి పోయింది. వద్దన్నా అనాలని ఉంది, ఈ ఒక్కసారికి ఇంజను ఉంచు, పెట్రోలు పోతే పోయింది అనాలి, కానీ ఎందుకే అంటాడు. తిప్పాడు.

ఎంత నిశ్శబ్దమో. ఎక్కడో ఒక పిట్ట. చక్రం కింద చిన్నరాయి నలిగింది. దుప్పటి అంచు గాలికి టపటప. అన్న తల పక్కకి వంగడం చూశాను, చెవి వెనక్కి పెట్టి. వింటున్నాడు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. మూలిగాను. అమ్మ మూలుగు నాకు తెలుసు, మూడు రోజులుగా దాని పక్కనే పడుకున్నాను, మొదట సన్నగా, చివర కాస్త విరిగి, తరవాత ఒక అమ్మా. తల్లి లేని మనిషి, యాభై దాటిన మనిషి, ఆమె కూడా అమ్మా అనే మూలిగేది. నేనూ అలాగే అన్నాను. అన్న తల నిటారుగా అయింది. "ఒచ్చీసాం అమ్మా," అన్నాడు గాలిలోకి. "ఇంక దిగుడే." మలుపు వచ్చింది, ఓ...య్ అని అరిచాను, నా గొంతుతో. మలుపు దాటాక మళ్ళీ అమ్మ గొంతుతో మూలిగాను. ఒకే నోరు, ఇటు ఒకటి, అటు ఒకటి. అరిచినప్పుడు భయం వేయలేదు, మూలిగినప్పుడల్లా వేసింది, ఎందుకంటే ఆ గొంతు సరిగ్గా వస్తోంది, మరీ సరిగ్గా వస్తోంది, నా భుజం మీద ఉన్న తల నుంచే వస్తున్నట్టు నాకే అనిపించి ఒకసారి ఆమె మొహంలోకి చూశాను. చెంప మీద మంచు పడి చుక్కలుగా నిలిచింది. వేడి లేదు కాబట్టి నిలిచింది.

ఎన్ని మలుపులో. పచ్చటి వలిసె పొలం ఒకటి కొండ వాలున కనిపించి పోయింది. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు కట్టెలు దించుకుని నిలబడి మమ్మల్ని చూశారు, ఒకామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకి తెలిసిపోయిందా, ఒక్క చూపులో. దిగుడులో క్లచ్చు పని లేదు, అన్న ఎడమ చేయి ఖాళీగా ఉంటుంది, మామూలుగా ఆ చేత్తో మొహం తుడుచుకుంటాడు, చొక్కా సర్దుకుంటాడు. ఇప్పుడు ఆ చేయి కిందికి వచ్చింది. అమ్మ చేతిని పట్టుకోవడానికి వచ్చింది. ముందు నా చేయి తగిలింది. దాన్ని తప్పించుకుని కిందికి పోయింది, అమ్మ వేళ్ళ దగ్గరికి. అక్కడ ఆగింది. ఒక వేలు పట్టుకుంది, వదిలింది, ఇంకోటి పట్టుకుంది. నేను మూలిగాను. గట్టిగా మూలిగాను. చేయి అక్కడే ఉంది, తీయలేదు, కప్పి ఉంచింది, చలికి పిల్ల చేయి కప్పినట్టు. బండి ఒక్క చేత్తోనే పోతోంది. నేను ఇంకా మూలుగుతూనే ఉన్నాను, ఆపడం చేతకావడం లేదు, ఆపితే అయిపోతుంది.

"సాల్లే సోనీ," అన్నాడు.

అరవకుండా అన్నాడు. ఇంజను లేదు కదా, అరవనక్కరలేదు.

బండి కింద చదును దాకా పోయింది. బ్రేకు వేయలేదు. దానంతటదే నెమ్మదించి, నెమ్మదించి, మనిషి నడకంత అయి, ఆగిపోయింది. అన్న రెండు కాళ్ళూ ఆన్చి నిలబెట్టాడు, ఒక కాలికి చెప్పు లేదు, బొటనవేలి నుంచి రక్తం. వెనక్కి తిరగలేదు. నేనూ దిగలేదు. ముగ్గురం అలాగే కూర్చున్నాం. "ఎప్పుడు?" అన్నాడు.

జారుతున్న అమ్మ తలను భుజం మీదికి సర్దాను.

"బండి ఆగినపుడేనా?"

"కాదు."

"నిజం సెప్పు. నాను ప్లగ్గు కాల్సతా ఉన్నపుడేనా?"

"కాదన్నా." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, మెత్తగా, తొణక్కుండా. "పైకొచ్చినాక. నువ్వు ఇంజను ఆపీసినాక."

"మరి మూలుగు?"

"ముందర మూలిగిందంతా అమ్మే. ఆ తరవాతే నాను."

అతను ఊపిరి పట్టాడు. అతని పొట్ట మీద ఉన్న మా చేతులకు తెలిసింది. "నాను ఇన్నాను," అన్నాడు. "ఇంక దిగుడే అన్నాను గదా, అప్పుడు మూలిగింది. అది అమ్మ గొంతే. నాకు తెలుసు." అవునన్నాను. "నా మాట ఇందా?" ఇందన్నాను. అప్పుడు ఏడ్చాడు, హ్యాండిలు మీద తల పెట్టి, వీపు ఎగిరెగిరి పడుతుంటే అమ్మ కూడా కదిలింది, నేను పట్టుకున్నాను.

కోటకు పోయి చేసేది ఏముంది. బండిని వెనక్కి తిప్పాడు. పట్టుకో అని నాతో అనలేదు, అమ్మతో అన్నాడు. ఒక్క తన్నుకే అందుకుంది. మా వాళ్ళలో దారిలో పోయిన మనిషికి పోయిన చోట రాయి నిలబెడతారు, లేకపోతే ఆ మనిషి ఇంటిదారి వెతుక్కుంటూ అక్కడక్కడే తిరుగుతుందంటారు. ఎక్కుతూ ఉంటే ప్రతి మలుపులోనూ బండి నెమ్మది చేసి, "ఇక్కడేనా?" అంటున్నాడు. ఇంకా పైన, అన్నాను. ఇంకా పైన. ఏ చోటు ఇవ్వాలో నేను చూసుకుంటూ వస్తున్నాను. ఎండ పడే చోటు, లోయ కనిపించే చోటు, ఆగి నిలబడడానికి వీలున్న చోటు, ఎందుకంటే ఇక జన్మంతా సంతకి పోయేటప్పుడల్లా అన్న అక్కడ ఆగుతాడు. ఒక మలుపులో గట్టు మీద తుమ్మికూర పూసి ఉంది, మంచు విడిపోయి కింద పొలాలు కనిపిస్తున్నాయి. "ఇక్కడ," అన్నాను. అన్న బండికి స్టాండు వేయలేదు, నేను కాళ్ళు ఆన్చి పట్టుకున్నాను, అమ్మతో సహా. అతను కిందికి దిగి ఒక రాయి ఎత్తుకొచ్చాడు, అది చాలదని పారేసి ఇంకా పెద్దది తెచ్చాడు. గట్టులో మట్టి చేతులతో తవ్వి నిలబెట్టాడు. ఆకులు కోసి పెట్టాడు. చేతుల మట్టి చొక్కాకి తుడుచుకుని రాయి వైపే చూస్తూ, "ఏటైనా అందేటి?" అని అడిగాడు.

"అంది."

"ఏటంది?"

"గుంటడు బండి బాగా తోల్తన్నాడు, అంది."

తల ఊపాడు. చాలాసార్లు ఊపాడు. వచ్చి బండి ఎక్కాడు.

గాలికొండ మీద చేయి తాళం దగ్గరికి పోలేదు. అటువైపు దిగుడులో కూడా ఇంజను నడుస్తూనే ఉంది, మొదటిసారి, మొత్తం దిగుడంతా. ఆ చప్పుడులో ఇంక ఒకరు చెప్పాల్సింది గాని, ఒకరు వినాల్సింది గాని లేదు. కాఫీ తోటలు, మిరియాల తీగలు వెనక్కి పోతున్నాయి. ఆ మలుపు వచ్చింది. గట్టు మీద గడ్డి ఒక మనిషి పడుకున్నంత మేర నలిగి ఉంది, పక్కన కాలిన అగ్గిపుల్లలు, నల్ల గుడ్డ, అన్న తెగిన చెప్పు. చెప్పు కోసం ఆగుతాడేమోనని దుప్పటి ముడి గట్టిగా పట్టుకున్నాను. ఆగలేదు. అతను రోడ్డునే చూస్తున్నాడు. నేను తల తిప్పలేదు, తిప్పితే నా భుజం మీద అమ్మ తల కదులుతుంది. కళ్ళు మాత్రం తిప్పి, అది కనిపించినంతసేపు చూశాను.